మన బడి పనుల జమా ఖర్చులు: వచ్చిందెంత, అయ్యిందెంత, సంపు ఎందుకు కట్టాం

గ్రామ ప్రజలకు, బెంగళూరులో ఉంటున్న మన ఊరివాళ్లకు, పూర్వ విద్యార్థులకు పాఠశాల అభివృద్ధి కమిటీ నమస్కారాలు.

మన మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల పనుల కోసం 2024 సెప్టెంబరు 1 నుంచి 2025 అక్టోబరు 31 వరకు వసూలైన డబ్బు, పెట్టిన ఖర్చు వివరాలివి. ఆగస్టు 15న జెండా ఎగరేసినప్పుడే లెక్క చదువుతామని చెప్పిన మాట వాస్తవం. కానీ అప్పటికి పంచాయతీ వంతు పని ఎం-బుక్కులో (పని కొలతలు రాసే ప్రభుత్వ పుస్తకంలో) ఎక్కలేదు. ఆ కాగితం లేకుండా చదివితే అది సగం లెక్కే అయ్యేది. ఆ సగం పట్టుకుని మళ్లీ పది మాటలు పుట్టేవి. అందుకే ఆగాం. ఈలోపు, గోడకిచ్చిన చందా సంపుకు (నేలలో కట్టే నీళ్ల తొట్టికి) ఎందుకు పెట్టారని వాట్సాప్ గ్రూపులో వచ్చిన మాటలన్నీ మేము చదివాం. కమిటీలో ఉన్నవాళ్లలో కూలికి పోయేవాళ్లున్నారు, పొదుపు సంఘం నడిపే ఆడవాళ్లున్నారు. పని మానుకుని తిరిగినందుకు ఒక్క రూపాయి ఎవరూ తీసుకోలేదు. టీ, టిఫిన్, కళ్యాణదుర్గం బస్సు చార్జీలు కూడా ఈ ఖాతాలో ఎక్కడా కనపడవు.

ముందు జమ. దీని మీద ఎవరికీ అనుమానం లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతున్నాం.

గ్రామస్తుల ఇంటింటి చందాలు: 1,46,500
బెంగళూరులో ఉన్న మన ఊరివాళ్లు: 88,000
పూర్వ విద్యార్థులు: 61,000
పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు: 22,000
బ్యాంకు వడ్డీ: 3,180
మొత్తం జమ: 3,20,680 రూపాయలు

అన్నింటికీ రసీదు ఉంది. పొదుపు సంఘాలవాళ్లు ఇంతని రాయించలేదు, ఎవరూ అడగలేదు, వాళ్లే తెచ్చి ఇచ్చారు. వాళ్లకు ప్రత్యేకంగా దండాలు.

ఖర్చు:

వీధివైపు ప్రహరీ గోడ, 70 అడుగులు, పునాదితో సహా: 1,24,300
గేటు, బిగింపు: 21,500
సంపు, మోటారు, పైపులైను, ట్యాంకులు: 1,12,760
వంటగదిలో తాడిపత్రి బండలతో అరుగు: 14,600
నీటి పరీక్షలు, శాంపిళ్లు పంపిన ఖర్చు: 1,850
రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీ, జెరాక్సులు, బ్యాంకు చార్జీలు: 2,940
మొత్తం ఖర్చు: 2,77,950 రూపాయలు

బ్యాంకులో నిల్వ 42,730 రూపాయలు. పాసుబుక్కు పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టాం.

గేటు, అరుగు గురించి చెప్పాల్సిందేమీ లేదు, బడికి వెళితే కళ్లకు కనపడతాయి. ప్రశ్నలన్నీ మూడో పద్దు మీదే వచ్చాయి. "గోడకని చందా ఇస్తే సంపుకు పెట్టారేంది? నీళ్లివ్వడం పంచాయతీ పని కదా? సంపు కట్టబట్టే గోడ సగంలో ఆగింది కదా?" ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. వీటికి జవాబు చెప్పాలంటే మొదటినుంచి రావాలి.

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా బడుల్లో యాజమాన్య కమిటీలకు ఎన్నికలు జరిగాయి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి, స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన సభ్యులకూ అందులో చోటుండాలి. మన బడిలోనూ అలాగే జరిగింది. ఆ నెల 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు ఉపాధి హామీ పనుల కోసం గ్రామ సభలు పెట్టారు. మన ఊరి సభలో బడి ప్రహరీ గోడ అడిగాం. మూడు వైపుల గోడ ఉపాధి హామీలో మంజూరైంది, పూర్తయింది. వీధివైపు మాత్రం రికార్డుల్లో పాత గోడ ఉన్నట్టే ఉంది. అది సగం పడిపోయిందని అందరికీ తెలుసు, అయినా కొత్త పనిగా అంచనాలో చేర్చడానికి కుదరదన్నారు. అందుకే ఆ 110 అడుగులు ఊరి చందాలతో కట్టాలని అనుకున్నాం.

"ఉపాధి హామీ గోడ డబ్బు మీ లెక్కలో ఎందుకు లేదు?" అని బెంగళూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ఆ డబ్బు మా చేతికి రాదు నాయనా. కూలీ నేరుగా కూలీల ఖాతాల్లో పడుతుంది, సామాను డబ్బు సరఫరాదారుకు పోతుంది. కేంద్రం నుంచి 2026 మార్చి వరకని పంచాయతీకి వచ్చే 15వ ఆర్థిక సంఘం డబ్బు కూడా అంతే. అది ఆన్‌లైన్‌లోనే ఖర్చవుతుంది. పంచాయతీల లెక్కలు చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో మన పంచాయతీ పేరు వెతికితే ఎవరైనా చూసుకోవచ్చు. బడి గ్రాంటు ఖాతా వేరు. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఏడాదికి 50,000 అని లెక్క, మన బడిలో 118 మంది ఉన్నారు. అందులో కనీసం 10 శాతం శుభ్రతకే వాడాలి. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, చిన్న రిపేర్లు అన్నీ దాంట్లోంచే వెళ్లాలి. అంటే ఒకే బడికి నాలుగు దారుల్లో డబ్బు వస్తుంది, నాలుగింటికీ నాలుగు రకాల నిబంధనలు, నాలుగు రకాల కాలాలు. మన ఊళ్లో వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది.

చందాలు మొదలుపెట్టినప్పుడు ఫ్లెక్సీలో రాసిన పనులు ఇవి: వీధివైపు గోడకు 1,95,000, గేటుకు 22,000, వంటగది అరుగుకు 15,000, చేతులు కడుక్కునే కుళాయిల వరుస, దాని కాలువ, ఇంకుడు గుంతకు 1,05,000, చిల్లర ఖర్చులకు 5,000. మొత్తం 3,42,000. మరుగుదొడ్లు, వాటికి నీళ్లు పంచాయతీ వంతు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి, సగం దానికి, సగం దీనికి. కాబట్టి ఈ రెండు పనులూ పంచాయతీ చేయడం సులువు, గోడ మనం కట్టుకోవడం సులువు. సర్పంచ్ గారు, కార్యదర్శి గారు, హెచ్ఎం మేడమ్ కూర్చుని అలా పంచుకున్నారు. ఇందులో ఏ తప్పూ లేదు, ఇప్పటికీ అదే సరైన పంపకం అని మా అభిప్రాయం.

పంచాయతీ వాళ్లు మాట ప్రకారం మరుగుదొడ్లు కట్టించారు. ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. 2025 మే నెలకు తలుపులు, టైల్సు కూడా అయిపోయాయి. నీటి పని మాత్రం 2025-26 ప్రణాళికలో ఉంది. దానికి కిస్తీ ఎప్పుడు పడుతుందో మండలంలో ఎవరూ చెప్పలేకపోయారు. జూన్ 12న బడి తెరవాలి.

నీళ్లు లేని మరుగుదొడ్డి అంటే ఏమిటో ఆడపిల్లల తల్లులను అడగండి. మూడు రోజుల్లో కంపు కొడుతుంది, వారంలో తాళం పడుతుంది. తాళం పడ్డాక ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చుంటారు. నెలకు కొన్ని రోజులు బడికే రారు. కొత్తగా కట్టిన మరుగుదొడ్లకు తాళం వేసి, కిస్తీ కోసం ఎదురుచూడమని చెప్పడానికి కమిటీలోని తల్లులు ఒప్పుకోలేదు. మే నెలాఖరులో సమావేశం పెట్టి, కుళాయిల వరుసకని పెట్టుకున్న డబ్బును నీటి పనికి వాడాలని తీర్మానించాం. తీర్మానం పుస్తకంలో సంతకాలున్నాయి. ఆ తీర్మానంలో గోడకని అనుకున్న డబ్బు జోలికి పోలేదు.

సంపు ఎందుకు, పాత బోరుకు మోటారు పెడితే సరిపోయేది కదా అని కొందరు పెద్దలు అన్నారు. ఆ బోరు నీళ్లు పరీక్షకు పంపాం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. మరుగుదొడ్లకు ఆ నీళ్లు చాలని మీరనవచ్చు. కానీ పిల్లలు ఏ కుళాయి ఎందుకో చూసుకోరు, దప్పికైతే దగ్గరున్నది తిప్పి తాగుతారు. అనంతపురం జిల్లాలో పళ్లు గారపట్టిన పిల్లలను, కీళ్లు పట్టేసిన ముసలివాళ్లను చూసినవాళ్లెవరూ బడిలో ఆ నీళ్లు పారించరు. ఇక తాగునీటి పథకం (స్కీము) నీళ్లు మన వీధికి రోజు విడిచి రోజు వస్తాయి, అదీ తెల్లవారుజామున, ధార సన్నం. ఆ ధారకు నీళ్లు మిద్దె మీది ట్యాంకు ఎక్కవు. కింద సంపులో పట్టుకుని, బడి వేళకు మోటారుతో ఎక్కించుకోవడమే దారి. వేరే దారి ఉంటే అదే చేసేవాళ్లం.

పద్దు విడదీసి ఇస్తున్నాం.

సంపు తవ్వకం, ఇటుక, సిమెంటు, మేస్త్రీ, కూలీ: 46,200
మోటారు, స్టార్టర్, వైరింగు: 19,800
పైపులు, వాల్వులు, బిగించిన కూలీ: 28,360
వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు: 12,400
ట్యాంకుల దిమ్మె: 6,000

మోటారుకు, పైపులకు కళ్యాణదుర్గంలో రెండు అంగళ్లలో, అనంతపురంలో ఒక అంగడిలో ధరలు రాయించుకుని తక్కువ చెప్పిన చోటే కొన్నాం. మూడు కొటేషన్లూ ఫైల్లో ఉన్నాయి. సంపు కట్టిన మేస్త్రీ కమిటీ సభ్యుడొకరికి బామ్మర్ది అవుతాడని గుసగుసలు వినిపించాయి. నిజమే, బామ్మర్దే. ఆ ఎండల్లో రాతి నేల తవ్వి సంపు కట్టడానికి ఊళ్లో మరెవరూ ముందుకు రాలేదు. ఊళ్లో ఇచ్చే రోజు కూలే ఆయనకూ ఇచ్చాం, మస్టరు (కూలీల హాజరు పట్టీ) రాసి పెట్టాం. మోటారు కరెంటు బడి మీటరు మీద నడుస్తోంది, ఆ బిల్లు బడి గ్రాంటుదే.

తర్వాత ఇంకో మాట వచ్చింది. కిస్తీ పడ్డాక ఈ 1,12,760 పంచాయతీ నుంచి వెనక్కి రాబట్టాలి అన్నారు. ఇది అంత తేలిక కాదు. పంచాయతీ డబ్బు కదలాలంటే ముందు అంచనా కావాలి, సాంకేతిక అనుమతి కావాలి, పని కొలిచి ఎం-బుక్కులో రాయాలి, అప్పుడు పని చేసినవాళ్ల ఖాతాకే డబ్బు పోతుంది. చందాతో అయిపోయిన పనికి మళ్లీ బిల్లు పెట్టడమంటే దొంగ బిల్లు పెట్టడమే. "అంగడివాడి పేరుమీద బిల్లు చేయించి, డబ్బు పడ్డాక మీకిప్పిస్తాం" అని ఒకాయన మధ్యవర్తిత్వానికి వచ్చాడు. మేము ఒప్పుకోలేదు. పిల్లల బడి పేరుమీద అలాంటి కాగితం ఒక్కటి కూడా ఉండకూడదు.

దానికి బదులు ఒక పద్ధతి దొరికింది, ఇది కార్యదర్శి గారి ఆలోచన. మన జాబితాలోని కుళాయిల వరుస, కాలువ, ఇంకుడు గుంత ఎలాగూ పారిశుద్ధ్యం, నీటి పనుల కిందికే వస్తాయి. వాటిని పంచాయతీ తన పనిగా తీసుకుంది. గ్రామ సభలో తీర్మానం చేసి, ఇంజినీరింగ్ అసిస్టెంటుతో అంచనా వేయించి, కిస్తీ పడ్డాక సెప్టెంబరులో పని పూర్తి చేశారు. అక్టోబరులో కొలతలు ఎక్కాయి. అంటే వాళ్ల పని మనం చేశాం, మన పని వాళ్లు చేశారు. మనం పెట్టుకున్న 1,05,000కు, సంపుకైన 1,12,760కి తేడా 7,760 రూపాయలు. గోడ ఇంకా 40 అడుగులు కట్టకుండా ఆగింది ఈ 7,760 వల్ల కాదు.

ఆగింది ఎందువల్లో చెప్పడం కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి. అందరూ రాయించిన చందాలు, పొదుపు సంఘాలవాళ్లు ఇచ్చిన 22,000 కలిపితే 3,74,500. వచ్చినవి 3,17,500. ఇంకా 57,000 రావాలి: ఊళ్లోవాళ్లవి 31,000, బెంగళూరువాళ్లవి 16,000, పూర్వ విద్యార్థులవి 10,000. మిగిలిన గోడకు అడుగుకు 1,775 చొప్పున 71,000 కావాలి. నిల్వ 42,730 పోను 28,270 తక్కువ. రాయించిన చందాల్లో సగం వచ్చినా గోడ పూర్తవుతుంది.

వేరుశనక్కాయ పంట దెబ్బతిన్న రైతులను మేము అడగలేదు, అడగం కూడా. వాళ్లకు ఎప్పుడు వీలైతే అప్పుడే. కానీ సభలో మైకులో పేరు చదివించుకుని, శాలువా కప్పించుకున్న పెద్దలు ముగ్గురున్నారు. ఫోను చేస్తే వచ్చే నెల అంటారు. బాకీదారుల పేర్లు బోర్డుమీద రాయమని కుర్రాళ్లు పట్టుబట్టారు. రాయలేదు. ఊరి పరువు అని ఆగాం. అయితే వాళ్లలో ఇద్దరు "సంపు లెక్క తేల్చండి, అప్పుడిస్తాం" అన్నారు. ఇప్పుడు తేలింది. జనవరి సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడైనా ఇచ్చిపొమ్మని కోరుతున్నాం.

ఇంకొక్క విషయం. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది యాజమాన్య కమిటీయే. మరోవైపు పంచాయతీలో వచ్చే ఏడాది గ్రామ అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామ సభలు జరుగుతాయి. రెండు కాగితాలూ ఒకే ఊరివి, ఒకే పిల్లల కోసం, కానీ ఇన్నేళ్లూ ఒకదాన్నొకటి చూడలేదు. మరుగుదొడ్లు ఒక ఏడాదిలో, నీళ్లు ఇంకో ఏడాదిలో పడింది అందుకే. ఈసారి బడి ప్రణాళికను ముందే సిద్ధం చేసి, గ్రామ సభ ఎజెండాలో పెట్టించాలని హెచ్ఎం మేడమ్‌ను, సర్పంచ్ గారిని రాతపూర్వకంగా కోరాం. ఇద్దరూ సరేనన్నారు. 15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి వరకే కాబట్టి, తరగతి గదులకు ర్యాంపు, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించే ఖర్చు ఎవరిది, ఎప్పుడు అన్నవి ఇప్పుడే రాయించుకోవాలి. ర్యాంపు గురించి ముఖ్యంగా చెబుతున్నాం. నడవలేని పాప ఒకతె నాలుగో తరగతిలో ఉంది, రోజూ వాళ్ల నాన్న ఎత్తుకుని మెట్లెక్కిస్తున్నాడు.

ఖాతా మీద సంతకాలు యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్ అమ్మవి, కోశాధికారిగా ఉన్న రిటైర్డ్ మాస్టారువి. సర్పంచ్ గారికి గానీ, హెచ్ఎం మేడమ్‌కు గానీ చెక్కు అధికారం లేదు. ఆ విషయంలో వాళ్లను అనవసరంగా మాటలనవద్దు. రసీదు పుస్తకాల కౌంటర్ ఫాయిళ్లు, బిల్లులు, కొటేషన్లు, మస్టరు, నీటి పరీక్ష కాగితాలు, తీర్మానం పుస్తకం బడిలో బీరువాలో ఉన్నాయి. బడి ఉన్న రోజుల్లో సాయంత్రం బడి విడిచాక ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. పంచాయతీ చేసిన పని ఎం-బుక్కు నకలు మన ఊరి సచివాలయంలో అడిగితే చూపిస్తారు. చందా ఇవ్వదలచినవాళ్లు రసీదు తీసుకోకుండా ఎవరి చేతికీ డబ్బు ఇవ్వవద్దు, కమిటీ సభ్యుడైనా సరే.

ఇట్లు,
పాఠశాల అభివృద్ధి కమిటీ తరఫున
అధ్యక్షులు, కోశాధికారి, సభ్యులు