ఆ లారీలో నేను ఉన్నానా?

బెంగళూరు, జయనగర్
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సూర్యం,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టు, పడతాను. కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. పెద్దవాడు ఇల్లు మారాడు. రోజూ సాయంత్రం నాలుగింటికల్లా వాన. మూడో ఇడ్లీ మాస్టారి అబ్బాయి మార్కెట్లో కనిపించి నన్ను గుర్తుపట్టాడు. ఏమని పలకరించాడో నీకు చెప్పనక్కర్లేదు. మిగతావన్నీ తర్వాత.

మా మనవరాలు సైకాలజీ చదువుతోంది కదా. పోయిన ఆదివారం భోజనాలయ్యాక "తాతయ్యా, ఒక ఆట" అంది. అది పదిహేను మాటలు చదువుతుంది, కాసేపాగి మనకు గుర్తున్నవి రాయాలి. మంచం, దిండు, దుప్పటి, కల, కునుకు, ఆవులింత, గురక, జోలపాట... ఇలా. నేను పదకొండు రాశాను. శారదకు ఏడే వచ్చాయి. అప్పుడు నా మొహం చూడాలి నువ్వు!

అది నా కాగితం చూసి "నిద్ర అని నేను చదవలేదు తాతయ్యా" అంది. చదివావన్నాను. దుప్పటి తర్వాత చదివావు, గొంతు జీరపోతే మంచినీళ్లు తాగావు అని కూడా చెప్పాను. వంద రూపాయలు పందెం కాశాను. దొంగపిల్ల అంతా ఫోనులో రికార్డు చేసి పెట్టుకుంది. మూడుసార్లు విన్నాను. నిద్ర లేదురా! మంచినీళ్లు తాగిన మాట నిజమే, కానీ అది గురక తర్వాత.

నా మతి పోయిందనుకున్నాను. అదేం కాదట. 1959లో డీజ్ అనే ఆయన మొదలుపెట్టిన పరీక్ష ఇది. 1995లో రోడిగర్, మెక్‌డెర్మట్ మళ్లీ చేస్తే కాలేజీ పిల్లలే నూటికి నలభైసార్లు తమకు చదివి వినిపించని మాట రాశారట. మన వయసువాళ్లు ఇంకా సులువుగా పడతారట. మెదడులో హిప్పోకాంపస్ అని సముద్రపు గుర్రం ఆకారంలో ఒకటుంటుంది. ఏ మాట, ఎవరి గొంతు, ఎప్పుడు విన్నాం, అన్నిటినీ ఒక మూటగా కట్టేది అదే. స్కానర్లో పడుకోబెట్టి చూస్తే, నిజంగా విన్న మాట గుర్తుపట్టేటప్పుడు పెద్దవాళ్లలో అక్కడి చురుకు తగ్గిందట. వినని మాటను విన్నామని చెప్పేటప్పుడు మాత్రం చెవి పక్కనుండే భాగం, అర్థాలు చూసుకునేది, ఎక్కువ పనిచేసిందట. మూట ఊడి వివరాలు జారిపోతాయి, సారం మిగులుతుంది. ఈ పిల్లకు చదువయ్యాక కోలారు దగ్గర శ్రీనివాసపురలో ఇక్కడి ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్ల మెదడు పరిశోధన కేంద్రం చేస్తున్న అధ్యయనంలో చేరాలని ఉంది. నలభై అయిదు దాటినవాళ్లను ఏళ్ల తరబడి పరీక్షిస్తారట. ఆ వైపు మన తెలుగు మాట్లాడేవాళ్లే బోలెడు.

అసలు సంగతి ఇది కాదు. నేను వంద నోటు తీసి ఇస్తుంటే శారద వంటింట్లోంచి "అయితే మీ దివిసీమ లారీ కూడా ఇంతేనేమో" అంది.

1977 నవంబరు 19 ఉప్పెన. నాలుగో రోజో అయిదో రోజో మన హాస్టలు నుంచి బియ్యం లారీ. పులిగడ్డ దాటాక బురదలో నీ ఎడమ చెప్పు పోయింది. తడిసిన బియ్యం వాసన. బడి వరండాలో ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలాయన. ఇన్నేళ్లుగా పిల్లలకూ, పిల్లల పిల్లలకూ చెబుతున్నాను. శారద ఏమంటుందంటే: "ఆ నెలంతా మీకు పచ్చకామెర్లు, గుంటూరులో మంచం మీద ఉన్నారని అత్తయ్యగారే చెప్పారు. లారీ సంగతి మన పెళ్లిలో సూర్యం అన్నయ్యగారు చెప్పారు. పక్కన కూర్చుని విన్నది మీరు."

ఆమె గుర్తు మాత్రం సరైనదని ఏముంది? పదిహేనులో ఏడు మాటలే రాసింది. కానీ వాటిలో నిద్ర లేదు.

మూడు రాత్రులుగా ఇదే. ఆ ముసలాయన నా వైపు తల తిప్పి చూశాడు సూర్యం. నీ వైపు చూశాడా? నేను ఆయన్ని తలచుకుని ఏడ్చాను కూడా. వెళ్లని చోటికి వెళ్లానని చెప్పుకుంటే, చచ్చిపోయినవాళ్లతో... సరే, వదిలెయ్.

ఫోనులో ఎందుకు అడగలేదంటే నువ్వు నన్ను బాధపెట్టలేక "ఉన్నావులేరా" అనేస్తావు. మనవరాలు ఒకటే చెప్పింది: "లారీలో ఎవరెవరు ఉన్నారని మాత్రం అడుగు తాతయ్యా. వివరాలిస్తే ఆయన జ్ఞాపకంలోకి కూడా నువ్వు ఎక్కి కూర్చుంటావు."

అయ్యో! చెప్పు, బిందె, బియ్యం, అన్నీ పైన రాసేశాను కదరా. కొట్టేసినా కింద అక్షరాలు కనిపిస్తాయి. మళ్లీ రాసే వ్యవధి లేదు, పక్కింటి కుర్రవాడు విజయవాడ రైలుకు బయలుదేరుతున్నాడు, ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. చదివింది మరిచిపో. నీ పాత పెట్టెలో ఆ రోజుల జమాఖర్చుల పుస్తకం ఉండాలి, లారీ ఎక్కినవాళ్ల పేర్లు అందులో రాశావని నాకు బాగా గుర్తు. బాగా గుర్తు అంటున్నాను చూడు! చెల్లెమ్మకు ఈ ఉత్తరం చూపించకుండా ఆమెను విడిగా అడుగు.

ఆటో వచ్చేసింది. కుర్రవాడు కవరు అంటించమని తొందరపెడుతున్నాడు. పోయింది ఎడమ చెప్పే కదా? వద్దు, అది చెప్పకు, ముందు పుస్తకం చూసి

నీ
రాముడు