కర్ర ఏ చేతిలో?

ఒరేయ్ శ్రీనూ,

నిన్న అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దగ్గర మీ నాన్నగారు కనిపించారు. తుంటి నొప్పి కుడివైపు, కర్రా కుడి చేతిలోనే, ఎడం చేతిలో కాయల సంచి. రెండూ చేతులు మార్చుకోండి అంటే "నొప్పి ఇటుంటే కర్ర అటెందుకోయ్?" అని నవ్వేశారు. నడిరోడ్డు మీద లెక్క చెప్పలేను కదా, నీకు రాస్తున్నాను.

నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ కాసేపు ఒంటికాలి మీదే ఉంటాం. కుడికాలి మీద ఉన్నప్పుడు ఒళ్ళు ఎడంవైపు ఒరగబోతుంది. కుడి తుంటి బయటి కండ దాన్ని లాగి పట్టుకుంటుంది. కావిడి గుర్తు తెచ్చుకో. భుజానికి ఒక పక్క బద్ద పొట్టిగా ఉంటే ఆ పక్క బరువు ఎక్కువ వెయ్యాలి, భుజానికి రెండు బరువులూ తప్పవు. ఇక్కడ పొట్టి పక్క కండది: కీలుకి సుమారు 5 సెంటీమీటర్లు. ఒంటి బరువు 10 సెంటీమీటర్ల అవతల. ఆయన 60 కిలోలనుకో, నిలబడ్డ కాలు పోగా 50. కండ 100 కిలోల బలంతో లాగాలి, వెరసి కీలు మీద 150! చేతి లెక్కే అనుకో, మనిషిని బట్టి మారుతుంది. కండలు మోసే బరువుకంటే ఎన్నో రెట్లు లాగుతాయని ఇటలీ శాస్త్రవేత్త బొరెల్లి పుస్తకం 1680లోనే మీటల (లివర్ల) లెక్కతో చూపించింది.

ఇప్పుడు ఎడం చేతి కర్ర. అది కీలుకి దాదాపు 35 సెంటీమీటర్ల దూరం, అంటే కండ దూరానికి ఏడింతలు. దాని మీద 5 కిలోలు ఆనిస్తే కండకి 35 తగ్గుతుంది, ఆ 5 కర్రే మోస్తుంది: కండ లాగాల్సింది 65కి, కీలు మీద భారం 110కి దిగుతాయి. అయిదు పెడితే నలభై మిగలడం మన కొబ్బరి వ్యాపారంలో కూడా లేదురా! అదే ఎడం చేత్తో 5 కిలోల సంచి మోస్తే లెక్క తిరగబడి ఆ నలభై పెరుగుతుంది. అందుకే సంచి కుడి చేతికి, కర్ర ఎడం చేతికి. కుంటేవాళ్ళు నొప్పివైపే ఒరుగుతారు చూడు, అదీ ఇందుకే. బరువు కీలు మీదకి జరిగితే ఆ 10 సెంటీమీటర్ల దూరం తగ్గుతుంది. ఎవరూ నేర్పక్కర్లేదు, ఒళ్ళే కనిపెట్టేస్తుంది.

నడక మానేస్తానన్నారు, వద్దని చెప్పు. కీలులో ఎముకల చివర ఉండే నున్నటి పొరకి, అదే మృదులాస్థికి, రక్తనాళాలుండవు, కదలికలో కీలు ద్రవం నుంచే దానికి తిండి. సాయంత్రం కాలవ గట్టు మీద మెల్లగా నడిస్తే చాలు. ఆయన వెదురు కర్ర ఛాతీ దాకా ఉంది, మణికట్టు ఎత్తుకి కోయించాలి.

నువ్వు చెబితే వింటారో లేదో గానీ, మీ అమ్మగారి చేత చెప్పించు.

నీ,
రాంబాబు