కార్యదర్శి వార్షిక నివేదిక, 2024-25

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ నియమం లేకపోయినా ఈ ఏడాది రాసేవాణ్ణే. పని చాలా జరిగింది, చేసినవాళ్ళు కొద్దిమంది, వాళ్ళ పేరెత్తేవాళ్ళు ఇంకా తక్కువ. మన గణిత సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్ళీ ఏకరువు పెట్టను. కొత్తగా పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులకు మాత్రం ఒక్క మాట. ఇది కోచింగ్ కాదు. "ఇక్కడికొస్తే ఎంసెట్‌లో ర్యాంకు పెరుగుతుందాండీ?" అని ఈసారీ అడిగారు. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. ఆ హామీ ఇచ్చే బోర్డులు విజయవాడలో ప్రతి సందులోనూ ఉన్నాయి, మనం ఇంకొకటి తగిలించనక్కర్లేదు.

ఏడాది మామిడిపళ్ళతో మొదలైంది. మే సమావేశానికి నూజివీడు సభ్యులొకరు బంగినపల్లి పళ్ళ బుట్ట తెచ్చారు. లెక్క తేలాకే తినడం అని ఉపాధ్యక్షురాలు మేడమ్ గారు షరతు పెట్టారు. ఆ లెక్క 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలోది. తరవాత మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే. రాజుగారు పళ్ళలో ఆరో వంతు తీసుకున్నారు. మిగిలినవాటిలో ఐదో వంతు రాణిగారు. ఆపైన మిగిలినవాటిలో నాలుగో వంతు పెద్ద కొడుకు, మూడో వంతు రెండోవాడు, సగం మూడోవాడు వరసగా తీసుకుంటూ పోయారు. ఆఖరివాడికి మూడు పళ్ళు మిగిలాయి. మొత్తం ఎన్ని?

పెద్దలందరం ఎక్స్ అనుకుని భిన్నాలు వేసుకుంటూ కూర్చున్నాం. ఆరో తరగతి పాప ఒకతె లేచి బుట్టలోంచి మూడు పళ్ళు తీసి బల్ల మీద పెట్టింది. "మూడోవాడు సగం తీసుకుంటే ఇవి మిగిలాయి కదా, అంటే అంతకుముందు ఆరు" అంటూ ఇంకో మూడు పెట్టింది. అలా వెనక్కి వెళ్తూ తొమ్మిది, పన్నెండు, పదిహేను, చివరికి పద్దెనిమిది దగ్గర ఆగింది. బల్ల మీద మూడేసి పళ్ళ కుప్పలు ఆరు. "అందరికీ మూడేగా వచ్చాయి! మరి ఇంత గొడవెందుకండీ?" అంది. ఆరో వంతు, ఐదో వంతు అంటూ వెయ్యేళ్ళకు పైగా దాగిన సమాన పంపకం అలా బయటపడింది. అదే పుస్తకంలో 27994681ని 441తో గుణిస్తే 12345654321 వచ్చే హారం లెక్క కూడా ఉంది (హారమంటే భిన్నంలోది కాదు, మెడలో దండ: ఎటునుంచి చదివినా అంకెలు ఒకటే). చేసి చూసుకోండి, కాలిక్యులేటర్ లేకుండా.

జులైలో పుట్టినరోజుల పారడాక్స్. ఒక గదిలో 23 మంది ఉంటే ఏ ఇద్దరికైనా ఒకే పుట్టినరోజు వచ్చే అవకాశం సగం దాటుతుంది. ఏడాదికి 365 రోజులుండగా అదెలా అని అందరికీ అనుమానం. చూడాల్సింది మనుషుల్ని కాదు, జతల్ని. 23 మందిలో 253 జతలుంటాయి. ఆ రోజు హాల్లో తేదీలు చెప్పించగానే ఇద్దరు పెద్దాయనలవి కలిశాయి, ఇద్దరిదీ జులై 1. పిల్లలు చప్పట్లు కొట్టారు గానీ మన కోశాధికారి గారు అడ్డుతగిలారు. ఆ తరం వాళ్ళలో చాలామందికి బడిలో చేర్పించిన రోజున మాస్టారు వేసిన తేదీయే పుట్టినరోజు, జూన్ 1, జులై 1 మన పెద్దల సర్టిఫికెట్లలో కొల్లలు అన్నారు. నిజమే. 365 రోజులూ సమానం అనుకుంటేనే ఆ 23. కొన్ని రోజుల మీద జనం గుమిగూడితే ఇంకా తక్కువమందితోనే పని జరిగిపోతుంది. పుస్తకంలో దొరకని ఈ సంగతి మన హాల్లో దొరికింది.

ఆగస్టులో మూడు స్టీలు గ్లాసులు, ఒక జీడిపప్పుతో మాంటీ హాల్ ఆట ఆడాం. జీడిపప్పు ఒక గ్లాసు కింద ఉంటుంది. మీరొక గ్లాసు ఎంచుకున్నాక, అదెక్కడుందో తెలిసినవాడు మిగతా రెండింటిలో ఖాళీది ఒకటి ఎత్తి చూపించి, మార్చుకుంటారా అని అడుగుతాడు. మార్చుకుంటే గెలుపు మూడింట రెండు వంతులు. 1990లో అమెరికా రచయిత్రి మేరిలిన్ వోస్ శావంట్ ఒక పత్రికలో ఈ జవాబు రాస్తే పీహెచ్‌డీలు చేసినవాళ్ళు కూడా తప్పని ఉత్తరాలు రాశారు. మన రిటైర్డ్ లెక్చరర్ గారొకరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. జీడిపప్పు మాత్రం తిన్నారు.

సెప్టెంబరు సమావేశం జరగలేదు. కారణం మీకు చెప్పనక్కర్లేదు, బుడమేరు వరద. సింగ్‌నగర్‌లో సభ్యుల ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. అక్కడ ఒక ఇంట్లో ఉంచిన మన పుస్తకాల పెట్టె తడిసిపోయింది. పెరెల్మాన్ సరదా లెక్కల, సైన్సు పుస్తకాలు, ఒకప్పుడు విశాలాంధ్రలో చవగ్గా కొన్న సోవియట్ ప్రతులు, పుటలు అతుక్కుపోయి అట్టముక్కల్లా అయ్యాయి. పెట్టె ఉన్న ఇంటివాళ్ళు తమ సామాను సంగతి పక్కనబెట్టి వాటిని మేడ మీద ఆరబెట్టారు. కొన్ని బతికాయి. ఆ కుటుంబానికి సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. హాలు ఇస్తామని ఒక కార్యాలయం వారు నెల ముందే మాటిచ్చారు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి వేరే కార్యక్రమం ఉందన్నారు. కాగితం ఇవ్వమంటే "మాట చాల్లేదా సార్" అన్నవారే. చివరికి అధ్యక్షులు గారి మేడ మీద షామియానా వేసి జరిపాం. టాక్సీ నంబరు 1729 కథ అందరూ చెప్పేదే కాబట్టి ఇంకోటి చెప్పుకున్నాం. 1914 డిసెంబరు స్ట్రాండ్ పత్రికలో ఒక పొడుపు లెక్క వచ్చింది. వీధిలో ఇళ్ళకు ఒకటి నుంచి వరసగా నంబర్లు. ఒక ఇంటికి ఇటువైపు నంబర్ల మొత్తం, అటువైపు నంబర్ల మొత్తం సమానం. ఇళ్ళు యాభైకి పైన, ఐదొందలకు లోపు. కేంబ్రిడ్జిలో స్నేహితుడు మహలనోబిస్ ఇది చదివి వినిపిస్తే, పొయ్యి మీద కూర కలుపుతున్న రామానుజన్ రాసుకోమని ఒక అవిచ్ఛిన్న భిన్నం (భిన్నం కింద భిన్నం వస్తూ సాగిపోయేది) చెప్పారు. ఆ ఒక్కదాంట్లోనే ఇలాంటి వీధులన్నిటికీ జవాబులున్నాయి. ఎనిమిదిళ్ళ వీధిలో ఆరో ఇల్లు, 49 ఇళ్ళ వీధిలో 35వది, అడిగినదానికి 288 ఇళ్ళలో 204వది. ఎనిమిదిళ్ళది పిల్లలు చటుక్కున చెప్పేశారు. సొంత వీధిలో సరిచూద్దామని బయల్దేరిన ఇద్దరు కుర్రాళ్ళు మాత్రం నిరాశగా తిరిగొచ్చారు. రెండేసి అడ్డగీతలుండే మన డోర్ నంబర్లతో ఏ రామానుజన్ ఏం చేయగలడు!

జనవరి పుస్తక మహోత్సవంలో గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు కొన్నాం. పిల్లలు ఎక్కువగా తీసుకెళ్తున్నది శకుంతలా దేవి పజిళ్ళ పుస్తకం, పెద్దలు మార్టిన్ గార్డ్‌నర్. "నాకు లెక్కలు రావండీ" అనే సభ్యులకు నేను గార్డ్‌నర్‌నే చూపిస్తాను. ఆయన చదివింది తత్వశాస్త్రం. సైంటిఫిక్ అమెరికన్‌లో పాతికేళ్ళ పాటు గణిత వినోదాల శీర్షిక నడిపి ఎందరినో గణితంలోకి లాగారు. ఇక రేమండ్ స్మల్యన్ 1978 నాటి పుస్తకం రిజిస్టరులో చిన్న తగాదా తెచ్చింది. ఆ పుస్తకం పేరే 'ఈ పుస్తకం పేరేమిటి?' అని. తీసుకెళ్ళినాయన పేరు గడిలో అదే రాస్తే, గ్రంథాలయ బాధ్యులు ప్రశ్న అనుకుని కింద "మీరే రాయాలి" అని రాశారు. ఆ పేజీ అలాగే ఉంచమన్నాను.

ఇక ఈ ఏడాది మన గొప్ప, ఫిబ్రవరి ఆదివారం కాలువ నడక. కోనిగ్స్‌బర్గ్ ఊళ్ళో ఏడు వంతెనల్నీ ఒక్కోసారే దాటుతూ తిరగడం కుదరదని 18వ శతాబ్దంలో ఆయిలర్ తేల్చాడు. ఒక నేల ముక్కలోకి వచ్చినవాడు మళ్ళీ బయటికి పోవాలంటే అక్కడి వంతెనలు జతలుగా ఉండాలి. బేసి ఉన్నచోట నడక మొదలుపెట్టాలి, లేదా ముగించాలి. కాబట్టి బేసి ముక్కలు రెండు దాటితే ఇక కుదరదు. మరి మన బెజవాడ సంగతేమిటి? బందరు, రైవస్, ఏలూరు కాలువలు ఊరిని నాలుగు ముక్కలు చేశాయి. బందరు కాలువకు అవతల కృష్ణలంక, ఏలూరు కాలువకు ఇవతల వన్‌టౌన్, మధ్యలో రెండు. కాలువలు చీలకముందున్న వంతెనలు లెక్కలోకి రావని ముందే ఒప్పుకుని మూడు జట్లుగా నడిచాం.

గట్టు మీద టీ తాగుతూ ఇంటర్ చదివే అమ్మాయి అసలు విషయం పట్టేసింది. వంతెనలెన్నో అక్కర్లేదు, ఒక్కో కాలువ మీద సరా బేసా తెలిస్తే చాలు. మూడు కాలువలకు ఎనిమిది రకాలు. అందులో ఏడింటిలో నడక కుదురుతుంది. రెండు అంచు కాలువల మీద బేసి, నడుమ రైవస్ మీద సరి వస్తేనే నాలుగు ముక్కలూ బేసి అయి కుదరదు. టీ కొట్టాయన ఇచ్చిన కాగితం మీద ఎనిమిదీ వేసి చూపించింది. ఎవరూ నేర్పలేదు. నా మటుకు ఈ ఏడాది సంఘం నడిపిన శ్రమంతా ఆ కాగితంతో తీరిపోయింది.

లెక్కింపు మాత్రం తెగలేదు. రైలు వంతెన లెక్క కాదని ఒక జట్టు, ఉద్యోగమంతా దాని మీదే నడిచానని రైల్వేలో రిటైరైన సభ్యులు. పాదచారుల వంతెనలు, పాడైపోయి మూసేసినవి, ఊరి పొలిమేర ఎక్కడ అనేది, అన్నీ తగాదాలే. పటం సమావేశంలో గోడకు తగిలిస్తాం, అక్కడే తేల్చుకుందాం.

ఆ రోజు వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టినవారందరూ వచ్చుంటే ఆరు జట్లయ్యేవి. మజ్జిగ ప్యాకెట్లు మిగిలిపోయాయి. రాలేమని ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. చెప్పకుండా మానేస్తేనే పిల్లల్ని రోడ్డు దాటించడానికి ఇద్దరం మిగులుతాం, టెన్షన్ మాకు. కార్యవర్గంలోనూ ఫొటో రోజున కనిపించి కుర్చీలు సర్దే రోజున కనిపించనివారున్నారు. వారెవరో వారికి తెలుసు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక జతచేశాం. గణిత సంఘం కదా, లెక్కలు వివరంగా చదవమంటారేమో. కోశాధికారి గారు ఉన్నారు, వారినే అడగండి. చందా బాకీలే పెద్ద పద్దు అని మాత్రం చెప్పగలను.

మేడ ఇచ్చిన అధ్యక్షులు గారికి, పళ్ళు తెచ్చినవారికి, నడకకు పటం గీసిన డ్రాయింగ్ మాస్టారికి, నీళ్ళ క్యాన్లు మోసిన డిగ్రీ కుర్రాళ్ళకు, ప్రతి నెలా హాలు ఊడ్చే ఆయమ్మకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి గ్రంథాలయ బాధ్యులు కావాలి, ఇప్పుడున్నవారు హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు. పేర్లు సమావేశానికి ముందే ఇవ్వండి. గార్డ్‌నర్ పుస్తకాలు రెండు, స్మల్యన్ ఒకటి తిరిగి రాలేదు, వచ్చేటప్పుడు పట్టుకురండి.

ఇట్లు,
కార్యదర్శి