కాలేయంలో గడ్డ: తేల్చి చెప్పే వైద్యుడు జిల్లాలోనే ఉండాలి

సంపాదకుడు గారికి,

మా మిర్యాలగూడ వైపు కడుపునొప్పి అన్నా, అజీర్తి అన్నా ముందు అల్ట్రాసౌండ్ స్కాన్ రాస్తున్నారు. తప్పని అనను. కానీ రిపోర్టులో కాలేయంలో గడ్డ ఉందని ఒక్క ముక్క పడితే చాలు, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. మా బంధువు ఒకామెకు 3 సెంటీమీటర్ల గడ్డ కనిపిస్తే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటనే కోసి తీయాలన్నారు. వాళ్లు అరెకరం పొలాన్ని బేరానికి పెట్టారు. తీరా హైదరాబాద్‌లో, రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ స్కాన్ చూసిన నిపుణుడు అది హెమాంజియోమా అని, రక్తనాళాల ముద్దేనని, దాని జోలికి వెళ్లవద్దని చెప్పి పంపించారు.

కాలేయంలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బాధ పెట్టనంత వరకు మందూ వద్దు, కోతా వద్దు. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనే గడ్డా దాదాపు అంతే. క్యాన్సర్ కాని గడ్డల్లోనే మరో రకమైన అడినోమా సంగతి వేరు. ఏళ్ల తరబడి గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో, కండల కోసం స్టిరాయిడ్లు తీసుకునే కుర్రవాళ్లలో అది రావచ్చు. మాత్రలు వేసుకునే వాళ్లందరూ హడలిపోనక్కర్లేదు, అది అరుదే. ఆ మాత్రలు ఆపితే కొన్ని అడినోమాలు చిన్నవవుతాయి కూడా. 5 సెంటీమీటర్లు దాటితే మాత్రం లోపల పగిలి రక్తస్రావం కావచ్చు. మగవారిలో క్యాన్సర్‌గా మారే ముప్పు ఎక్కువ కాబట్టి, ఎంత చిన్నదైనా తీయించుకోమంటారు. ఇక హెపటైటిస్ బి, సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవారిలో ఏ గడ్డ కనిపించినా క్యాన్సర్ కాదని తేలేదాకా వదలకూడదు.

ఏది ఏ రకమో మామూలు అల్ట్రాసౌండ్‌తో చాలాసార్లు తేలదు. కాంట్రాస్ట్ సీటీయో, ఎంఆర్‌ఐయో కావాలి, వాటిని చదవగలిగిన వైద్యుడూ కావాలి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వాటి ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజైనా కాలేయ వైద్య నిపుణుడిని కూర్చోబెట్టాలి. అది కుదరకపోతే స్కాన్ చిత్రాలను నిమ్స్‌కో, ఉస్మానియాకో పంపి అభిప్రాయం తెప్పించాలి. ఫోనులోనే వైద్య సలహా ఇచ్చే ఈ-సంజీవని ఉండనే ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు, సంతోషం. అయితే ఆపరేషన్ అక్కర్లేదన్న మాట వినడానికి మేము నూరు కిలోమీటర్లు ఎందుకు పోవాలి?

గడ్డ ఏ రకమో, మళ్లీ స్కాన్ ఎప్పుడు తీయించుకోవాలో రిపోర్టు కింద తెలుగులో రెండు వాక్యాలు రాయించండి. స్టిరాయిడ్ల సంగతి చూడటానికి ఔషధ తనిఖీ అధికారులు కూడా ఒకసారి మా ఊళ్ల జిమ్‌ల వైపు రావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మిర్యాలగూడ