ఆ గుర్రం వెనక కాళ్లు ఏమయ్యాయి?

సంపాదకుడికి,

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో గుర్రపు స్వారీ మీద వచ్చిన వ్యాసం చదివి ఆ రోజే రాద్దామనుకున్నాను. ఎవరో ఒకరు తప్పు చూపిస్తారులే, మీరు సవరణ వేస్తారులే అని ఆగాను. సవరణ సంగతి దేవుడెరుగు, పోయిన వారం అదే ముక్కను 'మీకు తెలుసా?' శీర్షికలో మళ్లీ వడ్డించారు!

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అని ఎత్తుకుని, పూర్వం స్వారీ నేర్పడమంటే కొరడా దెబ్బలే తప్ప ఇంకేమీ లేదనీ, ఓపికగా నేర్పడం మొన్నమొన్న కనిపెట్టిన విద్య అనీ మీ వ్యాసకర్త తేల్చేశారు. ఏథెన్స్‌వాడు జెనొఫన్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే స్వారీ గురించి పుస్తకం రాశాడు. అప్పటికి వాళ్లకు పాదాలు ఆనించుకునే రికాబులు కూడా లేవు. కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దన్నాడాయన. బలవంతంగా చేయించింది గుర్రానికి అర్థం కాదనీ, నాట్యం చేసేవాణ్ణి కొరడాతో కొట్టి ఆడిస్తే ఎంత అందంగా ఉంటుందో ఇదీ అంతేననీ రాశాడు. దాదాపు 2,400 ఏళ్ల కిందటి మాట మీకు మొన్నటిదయింది.

క్రూరత్వం లేదని నేననను. 1550లో ఇటలీలోని నేపుల్స్‌లో స్వారీ గురువు గ్రిసోనె అచ్చు వేయించిన పుస్తకంలో, మొండికేసిన గుర్రం మీదికి కర్రకు కట్టిన పిల్లిని తోయమని ఉంది. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అదే పుస్తకంలో, మాట విన్న గుర్రాన్ని నిమిరి మెచ్చుకోమని కూడా ఉంది. ఆ సగం మీ వ్యాసంలోకి ఎందుకు రాలేదో! ఆ నేపుల్స్‌లోనే నేర్చుకుని వచ్చిన ప్లూవినెల్ 1594లో పారిస్‌లో అకాడమీ పెట్టాడు. గుర్రం కాళ్లకంటే బుర్రకు ఎక్కువ పని చెప్పాలన్న మనిషి. ఫ్రాన్స్ రాజు 13వ లూయీకి స్వారీ నేర్పింది ఈయనే. ఆయన పేరైనా వ్యాసంలో లేదు.

వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలులో కొత్తగా చేరినవాళ్లకు రికాబులూ పగ్గాలూ ఇవ్వరు. పొడవాటి తాడు కట్టిన గుర్రం మీద ముందు కూర్చోవడం రావాలి. వాళ్లు స్వారీ చేసే ఆ హాలు 1735లో కట్టి పూర్తిచేసినది. ఇప్పుడు మనకో? పది రోజుల కోర్సు, పదకొండో రోజు సర్టిఫికెట్. ఈమధ్య మనవరాలిని చేర్పిద్దామని ఒక చోటికి వెళ్లాను. ఓ పిల్ల పడిపోతానన్న టెన్షన్‌తో పగ్గాలు పట్టుకుని వేలాడుతోంది. ఆ లాగుడుకు గుర్రం నోరు తెరిచి తల ఎగరేస్తోంది. నేర్పే ఆయన కంచెకు ఆనుకుని, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "హీల్స్ డౌన్" (మడమలు దించు) అంటున్నాడు. నేర్పడానికి ఈయనకున్న అర్హత ఏమిటని అడిగిన అధికారి ఉన్నాడా? వాళ్లు వచ్చేది రిబ్బన్ కత్తిరించడానికే. పాతకాలం వాళ్లను అనడానికి మాత్రం మనకు నోరొస్తుంది.

అసలు నన్ను కలం పట్టించింది వ్యాసం కాదు, దానితో వేసిన బొమ్మ. రెండు స్తంభాల మధ్య ముందుకాళ్లెత్తిన గుర్రం, కింద "హింసకు తాళలేక బెదిరిన అశ్వం" అని వ్యాఖ్య. అది ప్లూవినెల్ పోయాక 1623లో వచ్చిన ఆయన పుస్తకంలోది. బెదిరిన గుర్రం నిట్టనిలువుగా లేస్తుంది, వెనక కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి. నేర్చిన గుర్రం పిరుదులు కిందికి దించి, వెనక కాళ్లు మడిచి, బరువంతా వాటి మీద నిలుపుకుని ముందుభాగం నిదానంగా లేపుతుంది. తేడా తెలిసేది ఆ కాళ్లలోనే. మీవాళ్లు కింద ప్రకటనకు చోటు చాలక సరిగ్గా ఆ కాళ్లనే కత్తిరించారు.

సవరణ వేయడం నామోషీ అయితే వేయకండి. ఆ బొమ్మను మాత్రం ఈ ఆదివారం పూర్తిగా వేయండి.

ఒక పాత పాఠకుడు