అనంతగిరి గెడ్డల వెంట పొదలను నరకనివ్వకండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో టైడ, అనంతగిరి కొండల గెడ్డల (కొండవాగుల) పక్కన, నేలను అంటుకుని అల్లుకున్న పొదల్లో ఒక గోధుమరంగు పిట్ట బతుకుతోంది. పేరు అబ్బాట్ బాబ్లర్. జానెడు కూడా ఉండదు. తోక పొట్టి, గొంతు బూడిదరంగు. రాలిన ఆకుల మధ్య, పొదల అడుగున పురుగులను ఏరుకుని తింటుంది. కంటపడడం అరుదు. మూడు నాలుగు స్వరాల ఈల వినబడితేనే ఉందని తెలుస్తుంది.

ఈ జాతి హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా వరకు విస్తరించి ఉంది. భారత ద్వీపకల్పంలో మాత్రం తూర్పు కనుమల్లోనే, మిగతా వాటికి దూరంగా, విడిగా మిగిలిపోయింది. 1985లో రిప్లీ, బీలర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ప్రత్యేక ఉపజాతిగా గుర్తించి, విశాఖ పక్షి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు పెట్టారు. మన మనిషి పేరు మోస్తున్న ఈ పిట్ట గురించి మన పిల్లలకు ఒక్క ముక్క చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రపంచం మొత్తం లెక్కలో దీనికి ముప్పు లేదంటారు. కానీ ఆగ్నేయాసియాలోని బోర్నియో దీవిలో ఎన్ని ఉంటే ఏం లాభం? అనంతగిరిలో పోయిన వాటి స్థానంలోకి అవి ఎగిరి రావు.

చెట్టు కొడితే కేసు పెడతాం, పొద నరికితే శుభ్రం చేశారంటాం. కాఫీ తోటల్లో పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడ పచ్చగానే ఉంటుంది, ఉపగ్రహ చిత్రంలో అడవి తగ్గినట్టే కనిపించదు. కింద కలుపు పేరుతో, వ్యూ పాయింట్ల పేరుతో, రిసార్టుల పేరుతో నేల బోడి అవుతుంది. గూడు కూడా నేలకు దగ్గరగానే కట్టే పిట్టకు అక్కడ ఇక చోటెక్కడిది? కాఫీ వద్దని నేను అనను. అది వేలాది ఆదివాసీ కుటుంబాల జీవనాధారం. గెడ్డకు ఇరువైపులా కొంత మేర పొదలను వదిలేయమని, అందువల్ల రైతుకు నష్టం వస్తే ప్రభుత్వమే భరించాలని మాత్రమే అడుగుతున్నాను.

2002 నాటి జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద, స్థానిక సంస్థలను సంప్రదించి, జీవవైవిధ్య వారసత్వ ప్రదేశాలను ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. టైడ, అనంతగిరి గెడ్డలకు ఆ హోదా ఇవ్వండి. గ్రామసభల అంగీకారంతోనే ఇవ్వండి. ఏ పొదలో ఏ పిట్ట ఉందో ముందుగా తెలిసేది అక్కడి వాళ్లకే. ఈలోగా, వేసవిలోనూ తొలకరిలోనూ గెడ్డల ఒడ్డున పొదలు నరకరాదని అటవీ, పర్యాటక, కాఫీ సిబ్బందికి ఒక ఉత్తర్వు పంపండి.

భవదీయుడు,
విశాఖపట్నానికి చెందిన ఒక పక్షి పరిశీలకుడు