కరపత్రంలో బియ్యం మాటేదీ?

సంపాదకులకు,

అయ్యా,

గత నెల ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒక ఆరోగ్య శిబిరంలో ఉచితంగా రక్తపరీక్షలు చేశారు. నాకు అరవై రెండేళ్లు. బుద్ధెరిగాక గుడ్డు ముట్టలేదు, కొలెస్ట్రాల్ బాధ మనకెక్కడిదనుకుంటూ వెళ్లాను. రిపోర్టులో రక్తంలో తిరిగే కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు 268, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34. మొదటిది 150 లోపు, రెండోది మగవాళ్లకి 40 పైన ఉండాలట. చేతిలో పెట్టిన ఒడియా కరపత్రాన్ని మనవరాలి చేత చదివించుకున్నాను. మాంసం, గుడ్లు, నెయ్యి తగ్గించాలని ఉంది. అందులో నేను తగ్గించడానికి ఉన్నది నెయ్యొక్కటే, అదీ పండక్కి తినేదే.

బియ్యం మాట లేదు. నూనె మాట లేదు.

మా ఇంట్లో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. పాలిష్ బియ్యం అవసరానికి మించి తింటే కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. వంటకి పామాయిల్. ప్యాకెట్ మీద గుండె బొమ్మ, పక్కనే ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట. అబద్ధమేం కాదు, మొక్కల నూనె వేటిలోనూ అది ఉన్నట్టు లెక్కలోకి రాదు. కానీ పామాయిల్లో సగానికి దగ్గరగా సంతృప్త కొవ్వే, చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచేది అదే. ఆ మాటకొస్తే వనస్పతీ శాకాహారమే కదండీ!

మా అమ్మ వండిందీ శాకాహారమే. పొద్దున చోడి (రాగి) అంబలి, చుట్టాలొచ్చి వెళ్లిన మర్నాడైతే తరవాణి (పులిసిన గంజి) పోసిన చద్దన్నం. మధ్యాహ్నం తోప. ఎసట్లో గుప్పెడు నూకలు ఉడికించి, చోడిపిండి పోసి, తెడ్డుతో ఉండలు కట్టకుండా కెలికేది. ఉలవలు ఉడికిన నీళ్లు చారుకి, ఉలవలు మా పిల్లలకి గుగ్గిళ్లుగా. నూనె పోపు వరకే. వరన్నం చుట్టాలొస్తేనే.

ఆ తిండిలో పీచు ఎక్కువ. పప్పుల్లో, గింజల్లో ఉండే కరిగే రకం పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. మళ్లీ పైత్యరసం చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను లాక్కోవాలి. పఠాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 2021లో 19 పరిశోధనలు కలిపి చూసి, చోడి లాంటి చిరుధాన్యాలు తిన్నవాళ్లలో మొత్తం కొలెస్ట్రాల్ 8 శాతం, ట్రైగ్లిజరైడ్లు దాదాపు 10 శాతం తగ్గాయని తేల్చారు. కొలెస్ట్రాల్ మాత్రతో పోలిస్తే అది చిన్న తగ్గుదలే. డాక్టరు రాసిన మాత్ర మానేసి అంబలి పట్టమని నేననను. వంశంలోనే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లకి అంబలి ఒక్కటీ ఏమూలకీ చాలదు కూడా.

చిత్రమేమిటంటే, 2017లో చిరుధాన్యాల కోసం ఒడిశా మిల్లెట్ మిషన్ అనే పథకం మొదలుపెట్టిన ఏడు జిల్లాల్లో మా గజపతి ఒకటి. సంత రోజున సవర గిరిజనులు కొండ మీంచి చోళ్ళు దించుతారు. అదే ఊళ్లో పంచిన కరపత్రంలో చోడి పేరే లేదు! షాపుల్లో చూస్తే తెల్లగా పాలిష్ పట్టిన సామలు, మైదా పంచదారలతో చేసిన రాగి బిస్కెట్లు. పాలిష్‌లో తవుడు పోయాక సామల్లో పీచేం మిగులుతుంది? చోడికి ఆ గొడవ లేదు, పైపొర గింజని వదలదు కాబట్టి మొత్తంగానే పిండవుతుంది.

శిబిరాలు పెట్టేవారికి మీ పత్రిక ద్వారా నా మనవి. ఇక్కడ తెలుగు తప్ప మరో లిపి రాని పెద్దలు చాలామంది ఉన్నారు. కరపత్రం ఒడియాతో పాటు తెలుగులోనూ వేయండి. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలోనూ అదే పనికొస్తుంది. శాకాహారి అనగానే ‘మీకు ఫరవాలేదు’ అని పంపేయకుండా, పూటకి ఎంత అన్నం, నెలకి ఎన్ని ప్యాకెట్ల నూనె, ఏ నూనె అని అడగండి. రేషన్ డిపోలో మాకిచ్చే బియ్యంలో కొంత బదులు చోళ్ళు తీసుకునే వీలు ప్రతి నెలా ఉండేలా అధికారులు చూడాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా